ర్యాంకు కాలేజీ వల్ల వచ్చిందా, పిల్లాడి వల్ల వచ్చిందా: కారణాన్ని లెక్కగట్టడం నేర్చుకునేవాళ్ళకి

ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) రిజల్ట్స్ వచ్చిన మర్నాడు పేపర్ తెరిస్తే మొదటి పేజీ మొత్తం ఫొటోలే, పక్కన ర్యాంకులు, కింద కాలేజీ పేరు. అది చూసిన తల్లిదండ్రులు మనవాణ్ణి కూడా అక్కడే చేర్చాలి అనుకోవడం సహజం. కానీ ఆ ఫొటోలు ఒక ప్రశ్నకి అస్సలు జవాబు చెప్పవు, అదే పిల్లలు ఇంకో కాలేజీలో చదివుంటే ఎంత ర్యాంకు వచ్చేది అన్నదానికి. ఒకే పిల్లాడు అవే రెండేళ్ళు రెండు కాలేజీల్లో ఇంటర్ చదవలేడు కాబట్టి ఆ రెండో ర్యాంకు ఎవరికీ ఎప్పటికీ కనపడదు.

మైక్రోఎకనామెట్రిక్స్‌లో (మనుషులు, ఇళ్ళు, ఊళ్ళ డేటాతో ఆర్థిక ప్రశ్నల్ని లెక్కగట్టే సబ్జెక్ట్) కాజల్ ఇన్ఫరెన్స్, అంటే ఏది దేనివల్ల జరిగిందో తేల్చడం, అనే భాగం మొత్తం ఈ కనపడని రెండో సంఖ్య చుట్టూనే తిరుగుతుంది. దాన్ని కౌంటర్‌ఫ్యాక్చువల్ అంటారు. నేర్చుకోవడం మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువగా మెథడ్ పేర్ల వెంట పడతారు, డిఫ్ ఇన్ డిఫ్ ఏ కమాండ్, ఐవీ ఏ కమాండ్, ఆర్‌డీకి ఏ ప్యాకేజీ అని, ఆర్నెల్లు తిరిగేసరికి అన్ని కమాండ్లూ వస్తాయి కానీ ఒక కొత్త ప్రశ్న చేతిలో పెడితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. నా వరకు ఈ సబ్జెక్ట్‌కి ఒకటే తాళం చెవి: ఏ మెథడ్ కనిపించినా, ఆ కనపడని సంఖ్య స్థానంలో వీళ్ళు ఎవరిని నిలబెట్టారు, వాళ్ళని ఎందుకు నమ్మాలి అని అడగడం. రాండమైజేషన్ (లాటరీతో పంచడం), డిఫ్ ఇన్ డిఫ్ (డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్), రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ (ఆర్‌డీ), ఇన్‌స్ట్రుమెంట్ (ఐవీ), ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్నకి నాలుగు రకాల జవాబులు, ఒక్కోటీ కింద వస్తుంది.

ముందు అంకెల్లో చూద్దాం. ఎంసెట్ 160 మార్కుల పరీక్ష. ఒక పెద్ద కార్పొరేట్ కాలేజీ పిల్లల సగటు 110, మిగతా కాలేజీల పిల్లల సగటు 80 అనుకుందాం (ఇవి ఉదాహరణకి వేసుకున్న అంకెలే). తేడా 30. ఈ 30 అంతా కాలేజీ గొప్పేనా? ఆ కాలేజీ పదో తరగతిలోనే టెస్టు పెట్టి, బాగా రాసినవాళ్ళకి ఫీజు తగ్గించి మరీ చేర్చుకుంటుంది. ఆ పిల్లలే మామూలు కాలేజీలో చదివుంటే వాళ్ళ సగటు 100 వచ్చేది అనుకోండి. అప్పుడు కాలేజీ చేసిన మేలు 110 లోంచి 100 తీసేస్తే 10. మిగిలిన 20 మార్కులు పిల్లలు లోపలికి వచ్చేటప్పుడు తమతో తెచ్చుకున్నవి, అంటే 100 కీ 80 కీ మధ్య ఉన్న తేడా. దీన్నే సెలెక్షన్ బయాస్ అంటారు. ఇబ్బంది ఏంటంటే డేటాలో మనకి 110, 80 మాత్రమే కనిపిస్తాయి, ఆ 100 ఎక్కడా రాసి ఉండదు. ఆ 100 ని నమ్మదగిన పద్ధతిలో ఎలా సంపాదించాలి అన్నదే అసలు పని.

అందరికీ మొదట తట్టే ఉపాయం రిగ్రెషన్‌లో (ఒక అంకె మారితే ఇంకో అంకె సగటున ఎంత మారుతుందో డేటా నుంచి లెక్కగట్టే పద్ధతి) కంట్రోల్స్ వేయడం, అంటే మిగతా తేడాల్ని సమం చేసి చూడటం. పదో తరగతి మార్కులు, తండ్రి చదువు, ఇంటి ఆదాయం, ఊరా టౌనా, ఇవన్నీ వేసి, వీటిలో ఒకేలా ఉన్న పిల్లల్ని పోల్చడం. ఇది కొంతవరకు పనిచేస్తుంది, కానీ కొలవనిదాన్ని కంట్రోల్ చేయలేం. కొడుకుని ఐఐటీకి పంపాలని ఏడో తరగతి నుంచే పట్టుబట్టి కూర్చున్న తల్లి పట్టుదలకి డేటాసెట్‌లో కాలమ్ ఉండదు, అది కాలేజీ ఎంపిక మీదా పనిచేస్తుంది, మార్కుల మీదా పనిచేస్తుంది. ఇంకో ప్రమాదం దీనికి ఉల్టా, వేయకూడని కంట్రోల్ వేయడం. రోజుకి ఎన్ని గంటలు చదివాడు అన్నది డేటాలో ఉంది కదా అని దాన్ని కూడా రిగ్రెషన్‌లో పడేస్తే? హాస్టల్లో పొద్దున్నే లేపి స్టడీ అవర్స్‌లో కూర్చోబెట్టడమే కాలేజీ చేసే పని, ఆ గంటలు కాలేజీ వల్ల పెరిగినవి. వాటిని కంట్రోల్ చేస్తే కాలేజీ ప్రభావంలో పెద్ద ముక్కని మన చేత్తో మనమే కోసేసినట్టు. కాబట్టి కంట్రోల్స్ ఎన్ని ఎక్కువ వేస్తే అంత మంచిది అనే మాట తప్పు. ట్రీట్‌మెంట్‌కి (మనం ప్రభావం కొలుస్తున్న విషయం, ఇక్కడ కాలేజీ) ముందే తేలిపోయినవి వేయాలి, దాని తర్వాత మారేవాటి జోలికి పోకూడదు.

కంట్రోల్స్ మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో 1986లో లాలోండ్ అనే ఎకనామిస్ట్ ఒక అందమైన పరీక్ష పెట్టాడు. అమెరికాలో ఒక జాబ్ ట్రైనింగ్ ప్రోగ్రామ్‌ని లాటరీ పద్ధతిలో నడిపారు కాబట్టి దాని అసలు ప్రభావం ఎంతో ముందే తెలుసు. ఆయన ఆ లాటరీ కంట్రోల్ గ్రూప్‌ని, అంటే లాటరీలో ట్రైనింగ్ రానివాళ్ళని, పక్కన పెట్టేసి, మామూలు సర్వేల్లోంచి పోలిక గ్రూపుల్ని తీసుకుని, అప్పట్లో వాడుకలో ఉన్న రిగ్రెషన్ పద్ధతులతో అదే ప్రభావాన్ని మళ్ళీ లెక్కగట్టి చూశాడు. జవాబులు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి, చాలా వరకు లాటరీ చెప్పిన జవాబు దరిదాపుల్లో కూడా లేవు. ఈ రంగం ఆ తర్వాత పట్టిన దారికి ఆ పేపర్ ఒక పెద్ద కారణం. ఆ దారి ఎంత దూరం వెళ్ళిందంటే 2019 నోబెల్ బెనర్జీ, డఫ్లో, క్రెమర్‌లకి పేదరికం మీద ఫీల్డ్ ప్రయోగాలకి వచ్చింది, 2021లో సగం డేవిడ్ కార్డ్‌కి, మిగతా సగం యాంగ్రిస్ట్, ఇంబెన్స్‌లకి కలిపి వచ్చింది.

లాటరీ ఎందుకు అంత బలమైనదంటే, ఎవరికి వచ్చింది ఎవరికి రాలేదు అన్నదానికి తెలివితేటలతో గానీ, ఆస్తితో గానీ, తల్లి పట్టుదలతో గానీ సంబంధం ఉండదు. గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ సగటున ఒకేలా ఉంటారు, కొలిచిన విషయాల్లోనూ కొలవని విషయాల్లోనూ. ఓడినవాళ్ళ సగటే మనకి ఆ కనపడని 100.

ఈ లాటరీ పద్ధతిలో ప్రపంచంలో బాగా పేరొచ్చిన ప్రయోగాల్లో కొన్ని మన జిల్లాల్లోనే జరిగాయి, ఈ సంగతి ఇక్కడ చాలామందికి తెలీదు, తెలియాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో మొదలైన స్కూల్ వోచర్ ప్రయోగం చూడండి. మురళీధరన్, సుందరరామన్ దీని మీద రాసిన పేపర్ 2015లో అచ్చయింది. ఐదు జిల్లాలు, 180 ఊళ్ళు. సర్కారు బడిలో చదివే చిన్నపిల్లల తల్లిదండ్రుల్ని, మీ పిల్లల్ని ప్రైవేటు స్కూల్లో వేస్తే ఫీజు మేం కడతాం, ఇష్టమైతే అప్లై చేయండి అన్నారు. అప్లికేషన్లు 180 ఊళ్ళలోనూ తీసుకున్నారు. ఆ తర్వాత మొదట ఊళ్ళకి లాటరీ, 90 ఊళ్ళు వోచర్ ఊళ్ళు, 90 కంట్రోల్ ఊళ్ళు. వోచర్ ఊళ్ళలో మళ్ళీ పిల్లలకి లాటరీ.

రెండుసార్లు లాటరీ ఎందుకు తీశారు అన్నది ఆగి ఆలోచించాల్సిన విషయం, డిజైన్ అంటే ఏంటో ఇక్కడ కళ్ళముందు కనపడుతుంది. ఒక్క లాటరీయే తీస్తే, గెలిచిన పిల్లాడిని అదే ఊళ్ళో ఓడిన పిల్లాడితో పోలుస్తాం. కానీ మంచి విద్యార్థులు సర్కారు బడి వదిలి వెళ్ళిపోతే అక్కడ మిగిలిన పిల్లలకి నష్టం జరగొచ్చు, అప్పుడు మన పోలిక గ్రూపే కిందికి జారిపోయి, వోచర్ ప్రభావం లేనిపోని పెద్దదిగా కనపడుతుంది. ఊళ్ళ లాటరీ కూడా ఉంది కాబట్టి, వోచర్ ఊళ్ళో ఓడిన పిల్లల్ని కంట్రోల్ ఊళ్ళో అప్లై చేసిన పిల్లలతో పోల్చి ఆ నష్టం నిజంగా జరిగిందో లేదో నేరుగా చూడొచ్చు. ముందునుంచీ ప్రైవేటు స్కూల్లో ఉన్న పిల్లల మీద ఈ కొత్త పిల్లల రాక ఏం చేసిందో కూడా అలాగే చూడొచ్చు. చూశారు, ఇటు గానీ అటు గానీ చెప్పుకోదగ్గ నష్టం కనపడలేదు.

మరి అసలు ఫలితం? మామూలు సర్వేల్లో సర్కారు బడి పిల్లల కంటే ప్రైవేటు పిల్లల మార్కులు బాగా ఎక్కువుంటాయి. లాటరీ పెట్టి చూస్తే నాలుగేళ్ళ తర్వాత తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. అంటే సర్వేలో కనపడే ఆ తేడాలో ఎక్కువ భాగం ఇళ్ళ నుంచి వచ్చిందే. అయితే ఇక్కడితో ఆగి ప్రైవేటు బళ్ళు దండగ అనేస్తే మళ్ళీ తప్పు. ఆ స్కూళ్ళ టైమ్‌టేబుల్ చూస్తే తెలుగుకీ లెక్కలకీ సర్కారు బడి కన్నా తక్కువ టైమ్ ఇస్తున్నాయి, మిగిలిన టైమ్‌ని ఇంగ్లీష్, హిందీ లాంటి వాటికి పెడుతున్నాయి, హిందీలో వోచర్ పిల్లలు స్పష్టంగా ముందున్నారు. పైగా ఒక్కో పిల్లాడి మీద ఆ ప్రైవేటు స్కూళ్ళ ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడోవంతు కన్నా తక్కువ. తక్కువ టైమ్‌లో, తక్కువ ఖర్చుతో అవే మార్కులు తెచ్చారన్నమాట. లాటరీ మనకి నిజాయితీగల సంఖ్య ఇస్తుంది, దాని అర్థం తేల్చుకోవడానికి టైమ్‌టేబుల్ దాకా వెళ్ళి చూడాలి.

ఇంకోటి స్మార్ట్‌కార్డులు. ఉపాధి హామీ కూలీ డబ్బులు, పింఛన్లు వేలిముద్ర పెట్టించి ఇవ్వాలని అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనుకున్నప్పుడు, అన్ని మండలాల్లో ఒకే రోజు మొదలుపెట్టడం ఎలాగూ కుదరదు, ఎవరో ముందు ఎవరో వెనక. ఆ వరసని లాటరీతో తేల్చారు, 157 మండలాలు, సుమారు 1.9 కోట్ల జనాభా. ఎవరి హక్కూ ఎగ్గొట్టలేదు, ఎలాగూ ఉండే ఆలస్యాన్ని న్యాయంగా పంచారు. ప్రయోగం అంటే జనంతో ఆడుకోవడమే అనేవాళ్ళకి ఈ డిజైన్ చూపించాలి. మురళీధరన్, నీహాస్, సుఖ్‌తంకర్ కలిసి 2016లో వేసిన పేపర్ ప్రకారం కార్డుల మండలాల్లో కూలీ డబ్బులు త్వరగా అందాయి, ఉపాధి హామీ ద్వారా ఇంటికి చేరిన సంపాదన 24 శాతం పెరిగింది, ప్రభుత్వ ఖర్చు మాత్రం పెరగలేదు, అంటే మధ్యలో కారిపోయేది తగ్గింది.

ఇక్కడ నేర్చుకునేవాళ్ళు గమనించాల్సినవి రెండున్నాయి. ఆ మండలాల్లో కూడా కార్డుల ద్వారా జరిగిన చెల్లింపులు దాదాపు సగమే. అయినా వాళ్ళు పోల్చింది కార్డు ఉన్న మనిషినీ లేని మనిషినీ కాదు, లాటరీలో వచ్చిన మండలాన్నీ రాని మండలాన్నీ. కార్డు ఎవరు తీసుకున్నారు అన్నది మళ్ళీ మనుషుల ఎంపికే, అక్కడ సెలెక్షన్ తిరిగి తలుపు తడుతుంది. లాటరీ ఏం పంచిందో దాన్నే పోల్చడాన్ని ఇంటెన్షన్ టు ట్రీట్ అంటారు. రెండోది స్టాండర్డ్ ఎర్రర్ల గొడవ, అంటే మన అంచనా ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చెప్పే అంకెలు. సర్వేలో వేల ఇళ్ళున్నా, లాటరీ వేసింది మండలాలకి. ఒకే మండలంలో ఇళ్ళన్నిటికీ ఎండీఓ ఒకరే, వానా దాదాపు ఒకటే, కాబట్టి వందో ఇల్లు చెప్పే కొత్త సంగతి చాలా తక్కువ. స్టాండర్డ్ ఎర్రర్లని మండలం స్థాయిలో క్లస్టర్ చేయకపోతే, అంటే ఒక మండలం ఇళ్ళన్నిటినీ ఒకే గుంపుగా లెక్కలోకి తీసుకోకపోతే, లేని కచ్చితత్వం ఉన్నట్టు కనపడుతుంది. ట్రీట్‌మెంట్ ఏ స్థాయిలో పంచారో ఆ స్థాయిలో క్లస్టర్ చేయాలి, ఇంతకన్నా సులువైన రూల్ ఈ సబ్జెక్ట్‌లో ఇంకోటి లేదు, ఎక్కువమంది మర్చిపోయేదీ ఇదే.

లాటరీ ప్రతిచోటా దొరకదు. చట్టాలు, ఆర్డినెన్సులు, కనీస వేతనాలు లాటరీలో రావు. అక్కడ డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్, అంటే రెండు చోట్ల ముందుకీ తర్వాతకీ వచ్చిన మార్పుల్ని పోల్చడం, పనికొస్తుంది. కార్డ్, క్రూగర్ 1994లో వేసిన పేపర్ అంకెలు తీసుకుని చేత్తో కట్టి చూడండి, కంప్యూటర్ అక్కర్లేదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం 1992 ఏప్రిల్ 1న కనీస వేతనాన్ని గంటకి 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచింది, పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. బర్గర్లు అమ్మే ఫాస్ట్‌ఫుడ్ షాపుల్ని, మొత్తం 410, పెంపుకి ముందొకసారి తర్వాతొకసారి అడిగారు, మీ దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారని. ఫుల్‌టైమ్ లెక్కన న్యూజెర్సీలో ఒక్కో షాపుకి సగటు 20.44 నుంచి 21.03 అయింది, అంటే 0.59 పెరిగింది. పెన్సిల్వేనియాలో 23.33 నుంచి 21.17కి పడింది, అంటే 2.16 తగ్గింది. పెంపు లేకపోతే న్యూజెర్సీ కూడా పెన్సిల్వేనియా లాగే 2.16 పడిపోయేది అని నమ్మితే, పెంపు ప్రభావం 0.59కి 2.16 కలిపితే 2.75 (రౌండింగ్ వల్ల పేపర్లో 2.76 అని ఉంటుంది). జీతాలు పెంచితే ఉద్యోగాలు పోతాయి అన్న పాఠానికి ఎదురు నిలిచిన ఫలితం.

ఇప్పుడు మన తాళం చెవి ప్రశ్న అడుగుదాం. కనపడని సంఖ్య స్థానంలో ఎవరు నిలబడ్డారు? పెన్సిల్వేనియా. ఆ 2.75లో 0.59 మాత్రమే న్యూజెర్సీలో నిజంగా జరిగిన మార్పు, మిగతాదంతా పెన్సిల్వేనియా పడిపోవడం వల్ల వచ్చింది. ఆ పడిపోవడం రెండు రాష్ట్రాలకీ ఉమ్మడిగా ఉన్న మాంద్యం వల్ల అయితే లెక్క సరిపోతుంది, పెన్సిల్వేనియాకే సొంతమైన కారణం ఏదన్నా ఉంటే లెక్క చెడుతుంది. ఈ నమ్మకానికే ప్యారలల్ ట్రెండ్స్ అని పేరు. దీన్ని నిరూపించడం ఎవరి వల్లా కాదు, కాకపోతే ముందు కొన్నేళ్ళ డేటా ఉంటే అప్పుడు రెండు రాష్ట్రాలూ కలిసి నడిచాయో లేదో గ్రాఫ్ గీసి చూడొచ్చు. ఈ పేపర్‌లో ముందు ఒక్కసారే అడిగారు కాబట్టి ఆ గ్రాఫ్ అందులోంచి రాదు. తర్వాత న్యూమార్క్, వాషర్ పేరోల్ (జీతాల) రికార్డులతో చేసి వేరే జవాబు వచ్చిందన్నారు, కార్డ్, క్రూగర్ మళ్ళీ ప్రభుత్వ డేటాతో బదులిచ్చారు. ఆ వాదన మొత్తం చదవడం ఒక సెమిస్టర్ కోర్సుతో సమానం, నిజంగా చెప్తున్నా.

డిఫ్ ఇన్ డిఫ్‌లో మన వైపు నుంచి నాకు చాలా ఇష్టమైనది 2010 అక్టోబర్ మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్స్ కథ. అప్పుల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ వసూళ్ళు దాదాపు ఆగిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌నీ కర్ణాటకనీ ముందూ తర్వాతా పోల్చేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు, ఎందుకంటే ఆర్డినెన్స్ ఊరికే ఊడిపడలేదు, ఇక్కడ అప్పుల పరిస్థితి ముదిరింది కాబట్టే వచ్చింది, అంటే ఆంధ్ర అప్పటికే వేరే దారిలో ఉంది. పైగా ట్రీట్ అయింది ఒక్కటే రాష్ట్రం. బ్రెజా, కిన్నన్ అనే ఇద్దరు దీన్ని తిప్పి చూశారు, 2021లో అచ్చయింది. ఆంధ్రలో వసూళ్ళు ఆగిపోతే ఇక్కడ ఎక్కువ అప్పులిచ్చిన సంస్థల చేతిలో డబ్బు అయిపోయింది, అవి ఇంకెక్కడో ఉన్న జిల్లాల్లో కూడా కొత్త అప్పులు ఆపేశాయి. ఆ దూరపు జిల్లాలు ఏ తప్పూ చేయలేదు, వాళ్ళ ఊళ్ళో అప్పులిచ్చే సంస్థకి ఆంధ్రలో ఎంత వ్యాపారం ఉంది అన్నదొక్కటే తేడా. అలా ఎక్కువ తగులుకున్న జిల్లాల్నీ తక్కువ తగులుకున్న జిల్లాల్నీ ముందూ తర్వాతా పోల్చితే, అప్పు తగ్గిన చోట కూలి రేట్లు కూడా తగ్గాయి. అప్పు తీసుకోని కూలీకి కూడా దెబ్బ తగిలింది. మన రాష్ట్రం ఆర్డినెన్స్ ప్రభావాన్ని మన రాష్ట్రం బయట కొలవడం ఎంత గొప్ప ఆలోచనో చూడండి, కౌంటర్‌ఫ్యాక్చువల్ ఎక్కడ దొరుకుతుందా అని వెతకడం అంటే ఇదే.

ఒక హెచ్చరిక చెప్పి ముందుకెళ్తా. పథకం ఒక్కో జిల్లాకి ఒక్కో ఏడాది వచ్చినప్పుడు, జిల్లా ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్, సంవత్సరం ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ (ప్రతి జిల్లాకీ, ప్రతి ఏడాదికీ ఉండే సొంత తేడాని తీసేసే కంట్రోల్స్) వేసి ఒక్క రిగ్రెషన్ కొట్టేయడం ఏళ్ళ తరబడి అలవాటు. ఆ రిగ్రెషన్ లోపల్లోపల, ముందే పథకం అందిన జిల్లాల్ని తర్వాత అందుకున్న జిల్లాలకి కంట్రోల్ గ్రూప్‌గా వాడేస్తుంది, ప్రభావం ఏటేటా పెరిగేదైతే జవాబు తలకిందులయ్యే ప్రమాదం కూడా ఉంది. గుడ్‌మన్-బేకన్, క్యాలవే, సాంట్అన్నా లాంటివాళ్ళ 2021 పేపర్ల తర్వాత ఇప్పుడు దానికి వేరే ఎస్టిమేటర్లు వాడుతున్నారు. పాత నోట్స్‌తో చదువుకునేవాళ్ళు ఈ ఒక్క చాప్టర్ కొత్తది వెతుక్కోవాలి.

రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ మన వాళ్ళకి చెప్పడం చాలా తేలిక, కటాఫ్‌లతోనే బతుకుతాం కాబట్టి. తెలంగాణలో చాలా ఏళ్ళు నడిచిన రూల్, బీసీ, ఈబీసీ విద్యార్థికి ఎంసెట్ ర్యాంకు 10,000 లోపు వస్తే ఇంజనీరింగ్ ఫీజు మొత్తం ప్రభుత్వమే కడుతుంది, దాటితే 35,000 వరకే. 9,990 ర్యాంకు పిల్లాడికీ 10,010 ర్యాంకు పిల్లాడికీ తెలివిలో తేడా ఏముంటుంది, ఒక బిట్టు అటూ ఇటూ. కానీ ఫీజు సాయంలో పెద్ద తేడా. గీతకి రెండు పక్కలా ఉన్నవాళ్ళ తర్వాతి జీవితం పోల్చితే ఫీజు సాయం ఏం చేసిందో తెలుస్తుంది. ఎవరూ తన ర్యాంకుని కావాలని 9,999 దగ్గర ఆపుకోలేరు కాబట్టి ఇది మంచి కటాఫ్. అదే ఆదాయ సర్టిఫికెట్ కటాఫ్ అయితే నేను అంత తొందరగా నమ్మను, గీతకి సరిగ్గా కింద జనం గుంపుగా కనపడితే అక్కడ ఎవరో అంకె సర్దుకున్నారని అర్థం, దీన్ని చూడ్డానికే మెక్‌క్రేరీ టెస్ట్ ఉంది. ర్యాంకు కటాఫ్‌లో కూడా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, అదే 10,000 దగ్గర ఇంకేదన్నా రూల్ కూడా మారుతోందా? మారితే ఏది దేనివల్లో విడదీయలేం.

ఈ పద్ధతితో ఆషర్, నోవోసాద్ 2020లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్ల మీద చేసిన పేపర్ తప్పకుండా చదవాలి. ఆ పథకంలో రోడ్డుకి ప్రాధాన్యం జనాభాని బట్టి, 1000 దాటినవి ముందు, తర్వాత 500 దాటినవి. 490 మంది ఉన్న ఊరూ 510 మంది ఉన్న ఊరూ దాదాపు ఒకటే. గీత దాటిన ప్రతి ఊరికీ రోడ్డు పడలేదు, దాటని కొన్నింటికి పడింది, కాబట్టి ఇది ఫజ్జీ ఆర్‌డీ, గీత దగ్గర రోడ్డు పడే అవకాశం మాత్రమే గెంతుతుంది. ఫలితం చాలామంది ఊహించనిది: రోడ్డు పడ్డాక జనం వ్యవసాయం నుంచి బయటి పనుల్లోకి వెళ్ళారు, కానీ ఊళ్ళో పంటలు, ఆదాయాలు, ఆస్తుల్లో పెద్ద మార్పు రాలేదు. ఇక్కడో జాగ్రత్త. ఇది చిన్న ఊళ్ళకి, గీత దగ్గరున్న ఊళ్ళకి వచ్చిన జవాబు. ఐదు వేల మంది ఉన్న ఊరికి రోడ్డు ఏం చేస్తుందో ఈ పేపర్ చెప్పదు, చెప్తానని అనలేదు కూడా.

ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్ దగ్గరే ఎక్కువమంది తడబడతారు, అందుకే హైదరాబాద్ బస్తీల ఉదాహరణతో నిదానంగా చెప్తా. బెనర్జీ, డఫ్లో, గ్లెనర్‌స్టర్, కిన్నన్ కలిసి చేసిన స్టడీలో 104 బస్తీల్లో లాటరీ తీసి 52 చోట్ల స్పందన అనే మైక్రోఫైనాన్స్ సంస్థ బ్రాంచీలు తెరిచింది. ఏడాది పైన గడిచాక చూస్తే మైక్రోఫైనాన్స్ అప్పు ఉన్న ఇళ్ళు కంట్రోల్ బస్తీల్లో సుమారు 18 శాతం, స్పందన బస్తీల్లో సుమారు 27 శాతం. అంటే లాటరీ అప్పుని అందరికీ అంటగట్టలేదు, సుమారు 9 శాతం ఇళ్ళని మాత్రం అప్పు వైపు జరిపింది. ఇప్పుడు ఉదాహరణకి, రెండు రకాల బస్తీల మధ్య ఇంటికి సగటు నెల ఖర్చులో తేడా 90 రూపాయలు అనుకుందాం. ఆ 90 అంతా లాటరీ వల్ల అప్పు తీసుకున్న ఆ 9 శాతం ఇళ్ళ నుంచే వచ్చి ఉంటే, ఒక్కో ఇంటికి 90 ని 0.09తో భాగిస్తే 1000 రూపాయలు. ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్ అంటే గుండెకాయలో ఉన్నది ఈ భాగహారమే. పైన లాటరీ ఫలితం మీద చూపిన ప్రభావం, కింద లాటరీ ట్రీట్‌మెంట్ మీద చూపిన ప్రభావం.

కానీ నా వాక్యంలో ఒక "ఉంటే" ఉంది, దాన్ని వదలకండి. బ్రాంచి తెరవడం అప్పు తీసుకోని ఇంటి మీద కూడా పనిచేస్తే, పక్కింటివాళ్ళు అప్పుతో కిరాణా షాపు పెట్టి వీళ్ళ గిరాకీ లాక్కుంటే, ఆ భాగహారం అబద్ధం చెప్తుంది. దీన్నే ఎక్స్‌క్లూజన్ రిస్ట్రిక్షన్ అంటారు, ఇన్‌స్ట్రుమెంట్ (ఇక్కడ బ్రాంచీల లాటరీ) ఫలితాన్ని ట్రీట్‌మెంట్ (ఇక్కడ అప్పు) దారిలో తప్ప ఇంకే దారిలోనూ తాకకూడదు. అందుకే ఆ రచయితలు ముఖ్యంగా బస్తీకి బస్తీ పోలికనే చూపించారు. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్ళు దాంట్లో పెట్టుబడి పెంచారు, ఇళ్ళల్లో వస్తువుల మీద ఖర్చు పెరిగింది, చదువు, ఆరోగ్యం, ఆడవాళ్ళ మాటకి ఇంట్లో విలువ లాంటివాటిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. భాగహారం సరైనదే అయినా ఆ 1000 రూపాయలు ఎవరివి? బ్రాంచి వచ్చింది కాబట్టే అప్పు తీసుకున్నవాళ్ళవి. ఎలాగూ తీసుకునేవాళ్ళ గురించీ, ఎప్పటికీ తీసుకోనివాళ్ళ గురించీ అది ఏమీ చెప్పదు. ఇంబెన్స్, యాంగ్రిస్ట్ 1994లో ఈ సంగతి తేల్చారు, లోకల్ యావరేజ్ ట్రీట్‌మెంట్ ఎఫెక్ట్ అన్న పేరు అక్కడిదే.

లాటరీ లేని చోట వానని ఇన్‌స్ట్రుమెంట్‌గా వాడిన పేపర్లు కుప్పలు కనపడతాయి. వాన పంట మీద పనిచేస్తుంది నిజమే, కానీ అదే వాన దోమల్ని పెంచుతుంది, మట్టి రోడ్లని తెంపుతుంది, నాట్ల టైమ్‌లో పిల్లల్ని బడి మాన్పిస్తుంది. వాన పంట ద్వారానే పిల్లల చదువుని తాకింది అని ఎవరన్నా రాస్తే పల్లెటూళ్ళో పెరిగిన ఎవరైనా ఒప్పుకోరు. ఈ సబ్జెక్ట్‌లో ఊరి జ్ఞానం చాలా పెద్ద ఆస్తి, టెక్నికల్ గా వెనకబడ్డాం అనుకునే మన విద్యార్థులు ఈ బలాన్ని గుర్తించాలని నా కోరిక.

ఇప్పుడు ఒక ప్రశ్న మీరే పట్టుకోండి. రైతుబంధు 2018 మేలో మొదలైంది, ఎకరాకి సీజన్‌కి 4000. దాని వల్ల సాగు పెరిగిందా? తెలంగాణ ముందూ తర్వాతా పోలిస్తే మధ్యలో మిషన్ కాకతీయ చెరువులు, కాళేశ్వరం, 24 గంటల కరెంటు, మంచి వానలు అన్నీ కలిసిపోతాయి. ఆంధ్రప్రదేశ్‌ని పోలికకి పెడదామంటే 2019లో అక్కడ రైతుభరోసా వచ్చింది. దేశమంతా పీఎం కిసాన్ కూడా ఆ కాలంలోనే. రాష్ట్రం లోపల అందరికీ ఒకేసారి ఇచ్చారు కాబట్టి వరస కూడా లేదు. అయితే డబ్బు పొలం యజమానికి వెళ్ళింది, కౌలు రైతుకి వెళ్ళలేదు, మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దు మండలాలు నేలలో, వానలో దగ్గరగా ఉంటాయి, 2018 ఖరీఫ్, రబీ ఇంకా కాస్త శుభ్రమైన కిటికీ. వీటిలో ఏ పోలిక నిలబడుతుంది, ఏది ఎందుకు విరుగుతుంది అని కాగితం మీద రాయడం, డేటా ముట్టుకోకముందే, ఏ కోర్సూ నేర్పనంత నేర్పుతుంది.

నేర్చుకునే వరస విషయానికి వస్తే, ప్రాబబిలిటీ, మామూలు రిగ్రెషన్ గట్టిగా వచ్చాకే వీటి జోలికి రావాలి, కండిషనల్ యావరేజ్ (ఒక షరతుకి సరిపోయినవాళ్ళ సగటు) అంటే ఏంటో వేళ్ళ మీద ఉండాలి. సాఫ్ట్‌వేర్ గురించి బెంగ వద్దు, స్టాటాకి డబ్బు కట్టాలి, ఆర్ ఉచితం, ఇందులో చెప్పినవన్నీ దాంట్లో అవుతాయి. అన్నిటికన్నా పనికొచ్చే అలవాటు సొంతంగా దొంగ డేటా పుట్టించడం. వెయ్యి మంది పిల్లల్ని కంప్యూటర్లో తయారుచేయండి, ఒక్కొక్కరికి పట్టుదల అని ఒక అంకె ఇవ్వండి, పట్టుదల ఎక్కువున్నవాళ్ళు కార్పొరేట్ కాలేజీకి వెళ్ళేలా రాయండి, కాలేజీ ప్రభావం సరిగ్గా 10 అని మీరే పెట్టండి. తర్వాత పట్టుదల కాలమ్ దాచేసి రిగ్రెషన్ నడపండి, 25 వస్తుందో 30 వస్తుందో చూడండి. సీట్లు లాటరీలో పంచి మళ్ళీ నడపండి. కాలేజీ వల్ల పెరిగే చదువు గంటల కాలమ్ ఒకటి పుట్టించి, దాన్ని చేర్చి ఇంకోసారి. నిజం జవాబు ముందే తెలిసిన డేటా ప్రపంచంలో ఇదొక్కటే, ఏ మెథడ్ ఎప్పుడు విరుగుతుందో చేతికి తెలిసేది ఇక్కడే.

ఆ తర్వాత అసలు డేటా. హైదరాబాద్ మైక్రోక్రెడిట్ పేపర్ డేటా, కోడ్ ఆ జర్నల్ వాళ్ళే ఉచితంగా పెట్టారు, మొదటి టేబుల్ మీ చేత్తో తిరిగి తెచ్చుకోండి, స్టాండర్డ్ ఎర్రర్లతో సహా అంకెలు కలవాలి. రోడ్ల పేపర్ రాసిన ఆషర్, నోవోసాద్ బృందం దేశంలో ఊరి ఊరి లెక్కల్ని జనగణనలు, ఎకనామిక్ సెన్సస్‌లు కలిపి ష్రగ్ అనే పేరుతో అందరికీ ఇచ్చేసింది. మీ మండలంలో 500 దగ్గర్లో జనాభా ఉన్న ఊళ్ళు ఏవో అందులో వెతికి, వాటిలో మీకు తెలిసిన ఊరికి రోడ్డు ఎప్పుడు పడిందో అక్కడివాళ్ళని అడిగి చూడండి.